బూడిదరంగులో పేరు

ఆ వార్తల గదిలో ఒక కట్టుబాటు ఉంది. తెరమీద తెల్లగా ఉన్నది చదవాలి, బూడిదరంగులో ఉన్నది నోట రానివ్వకూడదు. వార్తలు చదివే ఆవిడను అందరూ గంటక్క అంటారు. తెల్లగా కనిపిస్తే చాలు, తనను తిడుతూ రాసినా గణగణా చదివేసే రకం.

ఆ సాయంత్రం బూడిదరంగులో ఉన్నది, కూలిన వంతెన కింద చిక్కుకుని చనిపోయిన మేస్త్రి పేరు. అతని తల్లికి ఇంకా తెలియదు. చెప్పడానికి విలేఖరి ఆమె ఇంటికి వెళ్తున్నాడు. అతను ఫోన్ చేసేదాకా పేరు బయటికి పొక్కకూడదు.

ఆ రంగుల ప్రోగ్రాం రాసిన పిల్ల వెనకగదిలో కూర్చుని ఉంది. ఆమె ప్రోగ్రాంలో రంగు మాటను అంటిపెట్టుకుని ఉండదు. పైనుంచి లెక్కపెట్టి, ఫలానా అక్షరం నుంచి ఫలానా అక్షరం దాకా అని గుర్తుంచుకుంటుంది, అంతే. పైన కొత్త వాక్యం చేరిస్తే మాటలన్నీ కిందికి జరుగుతాయి, రంగు ఉన్నచోటే ఉండిపోతుంది. రంగు వేశాక పైన ఏమీ చేర్చొద్దని ఎడిటర్‌కు చెప్పింది గానీ, సరిచేయడం మాత్రం రేపు మాపు అంటూ నెట్టుకొచ్చింది.

ఎడిటర్ మరిచిపోయాడు. ఆఖరి నిమిషంలో తుఫాను కబురొకటి పైన ఇరికించాడు. గంటక్క అది చదివి ముందుకు సాగుతుంటే పిల్ల తెర వైపు చూసింది. బూడిదరంగు పై వాక్యం మీద పడి ఉంది. పేరు తెల్లగా మెరుస్తోంది.

ప్రసారం మొదలయ్యాక రంగులు మార్చే వీల్లేకుండా తాళం వేసిందీ తనే. ఎడిటర్‌ను పిలిస్తే, అతను విలేఖరికి ఫోన్ కలుపుతూ, ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికే చదివేసిన మాటలు చెరపడానికి మాత్రం వీలుంది. తుఫాను వాక్యం తీసేస్తే పేరు మళ్ళీ రంగులోకి వస్తుంది. కానీ తెర ఎగిరిపడి గంటక్క చదివేచోటు తప్పిపోతుంది. పరువు పోతే పోయిందనుకుని చెరిపేసింది.

గంటక్క తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఊరంతటి టీవీల్లోనూ నిశ్శబ్దం. ఎట్టకేలకు గంటక్క చూపుకు దారి దొరికింది. వంతెన ప్రమాదంలో ఒకరు చనిపోయారని చదివి, పేరు దాటేసి తర్వాతి వార్తకు వెళ్ళింది.

"ప్రసారం మధ్యలో ఏంటమ్మా ఈ పని?" అంటూ ఎడిటర్ మీదికొచ్చాడు. ఇంతలో అతని చేతిలోని ఫోన్ మోగింది. విలేఖరి గొంతు పిల్లకూ వినిపించింది.

"చెప్పేశానండీ, ఇక పేరు చదవొచ్చు. నేను వెళ్ళేసరికి ఆవిడ మన వార్తలే చూస్తోంది. టీవీలో మాట రావట్లేదు, కాస్త చూసిపెట్టు బాబూ అంది."

పిల్ల ఏడుస్తూనే, తర్వాతి వార్తల కోసం ఆ పేరును తెల్లగా మార్చింది.