మాట లేని స్నానం

తడిసిన పంచె మార్చబోతే మా ఆయన మళ్ళీ కొట్టారు. చెవి గుయ్యిమంది. పక్కంతా మూత్రం. ఆ వాసన నా చేతులను వదలడం లేదు, అన్నం ముద్దలోనూ అదే. రోత. పైకంటే, "మొగుడంటే రోతేమిటే" అంటారని ఆ మాటను నోట్లోనే నమిలి మింగుతున్నాను.

"కొట్టేది నాన్న కాదమ్మా, మతిమరుపు రోగం," అంటాడు మా అబ్బాయి ఫోన్లో. మొన్న వచ్చిన నర్సమ్మ కూడా నేర్పి వెళ్ళింది. "ఎదురు చెప్పకండి పెద్దమ్మా. గొంతు తగ్గించండి. కోపమొస్తే కాసేపు పక్కగదిలోకి వెళ్ళిపోండి." నవ్వొచ్చింది. కాపురానికొచ్చిన నాటినుంచీ నేను చేస్తున్నది అదే కదా తల్లీ! అప్పుడు దాన్ని రోగమనేవారు కాదు. "మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదూ," అనేవారు అత్తగారు.

ఇలాంటివాళ్ళను చూసుకునే చోటుంది, పంపుదామని అబ్బాయి అన్నప్పుడల్లా నేనే వద్దన్నాను. ఎడబాటంటే నాకు వణుకు. ఎవరు గడప దాటినా ఇక తిరిగిరారేమోననిపిస్తుంది. కొట్టేది రోగమైతే మనిషినెలా వదిలేస్తాం?

కానీ గడ్డం గీసే అతను వస్తే ఆయన పిల్లిలా కూర్చుంటారు. మెడ మీద కత్తి ఆడుతున్నా కదలరు. "అయ్యగారు బంగారమండీ," అంటాడతను.

ఆ మాట నన్ను తొలిచేసింది. ఇవాళ పొద్దున అబ్బాయి పాత చొక్కా, ప్యాంటు వేసుకుని, ముడి టోపీలోకి దోపి, నోరు మెదపకుండా ఆయన్ను స్నానాలగదికి తీసుకెళ్ళాను. భుజం తడితే సబ్బు రాయడానికి వీలుగా చెయ్యెత్తారు. వీపు తిప్పారు. "నీళ్ళు బాగున్నాయి బాబూ. పాపం, నీకెంత శ్రమ!" అన్నారు.

శ్రమట! ఇన్నేళ్ళలో ఆ మాట నా చెవిన పడలేదు. అలవాటుపడిన నోరు ఊరుకుంటుందా, "వేడి సరిపోయిందాండీ?" అనేశాను.

ఆయన ముఖం మారిపోయింది. "నువ్వా?" అంటూనే సబ్బు నురగతో చెయ్యి లేచింది.

నా పేరు మరిచారు. ముఖం మరిచారు. ఎవరిని కొట్టవచ్చో మాత్రం మరవలేదు.

ఇంకో మాట లేకుండా ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టాను. నర్సమ్మ చెప్పినట్టే పక్కగదిలోకి వెళ్ళి అబ్బాయికి ఫోన్ చేశాను.

"ఆ చోటికి పంపించెయ్‌రా. అక్కడ చూసేది మగవాళ్ళేనన్నావుగా, బుద్ధిగా ఉంటారు."

"నీకు దిగులుగా ఉండదా అమ్మా?"

"ఎందుకుండదు? ఉంటుంది. కానీ దిగులు చెయ్యి చేసుకోదు కదరా," అన్నాను.