బుట్ట మోసిన మూడు రోజులు

బాత్‌రూమ్ గచ్చు కడుగుతూ జారిపడ్డప్పుడు నేను మొదట చేసిన పని లేవడం కాదు, బయట ఎవరైనా విన్నారేమోనని చెవి ఒగ్గడం. మావారు హాల్లో టీవీ చూస్తున్నారు. కోడలు ఆఫీసుకు తయారవుతోంది. ఎవరూ వినలేదు. హమ్మయ్య అనుకున్నాకే ఎడమ తుంటిలో నొప్పి తెలిసింది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి పడటంలో వింతేమీ లేదు. పడ్డట్టు ఇంట్లో తెలియడమే ప్రమాదం. మా అత్తగారు ఒక్కసారే పడ్డారు, వంటింటి గడప దగ్గర. ఎముక విరగలేదు. అయినా ఇక విశ్రాంతి తీసుకోమని ఇంటిల్లిపాదీ ప్రేమగా చెప్పాం. కూరలు తరిగే కత్తి ఆవిడ చేతిలోంచి లాక్కున్నది నేనే. పక్క వీధి స్నేహితురాలింటికి వెళ్తానంటే చెప్పులు అటక మీద పెట్టిందీ నేనే. మంచి కోడలినని పేరు కూడా తెచ్చుకున్నాను. నెల తిరిగేసరికి లేవడానికి చెయ్యందించమన్నారు, ఏడాదికి అన్నం కలిపి పెట్టమన్నారు. వెనకగదిలో అలా తొమ్మిదేళ్లు. చివర్లో తన పక్కనున్న కిటికీ తెరవడానికి కూడా నా అనుమతి అడిగేవారు, "తియ్యనా అమ్మాయ్?" అని.

ఆ గదిలో మంచం ఇప్పటికీ అలాగే ఉంది.

నాకంటూ ఉన్నదల్లా పొద్దున్నే రెండు బస్టాపుల దూరం నడిచి లైబ్రరీకి వెళ్లడం. "డిగ్రీ చదివిన జబ్బు" అంటారు మావారు. కుంటుతున్నానని తెలిస్తే అదీ పోతుంది. అందుకే మూడు రోజులు లైబ్రరీకి సెలవులని చెప్పి మానేసి, తడి బట్టల బుట్ట చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. బుట్ట మోస్తున్న ఆడది ఎంత వంకరగా నడిచినా ఏమిటని అడిగేవాళ్లుండరు. ఇలా ఇవ్వు అనేవాళ్లూ ఉండరు. మావారు మాత్రం ఒకసారి తలెత్తి, "ఇంకా ఆరెయ్యలేదా?" అన్నారు.

నాలుగో రోజు కాలు మోపలేకపోయాను. లైబ్రరీకని చెప్పి, ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నాను. విరిగి ఉంటే? నా చెప్పులు ఎవరు అటకెక్కిస్తారో కూడా ఊహించేసుకున్నాను.

"మీతో ఎవరొచ్చారమ్మా?" నర్సు అడిగింది.

"ఎవరూ రాలేదు."

"ఇంట్లో మగవాళ్లు లేరా?"

"ఉన్నారు. టీవీ చూసుకుంటున్నారు."

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

"విరగలేదండీ, కండరం నలిగిందంతే," అంది డాక్టరమ్మ. "కర్ర పట్టుకోండి గానీ నడక మానకండి. ఈ వయసులో మంచం పడితే లేవడం కష్టం."

తలూపాను. ఆ సంగతి నాకు ఆవిడకంటే బాగా తెలుసు.

కర్రతో ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. కర్రని ఏ బుట్ట చాటునా దాచలేం; పడ్డానని చెప్పేశాను.

"పడ్డావా! ఎప్పుడు? మాతో చెప్పాలని లేదూ?" మావారు టీవీ కట్టేశారు. అప్పుడే ఇంటికొచ్చిన కోడలు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో అత్తయ్యా! మీరిక ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఏ పుస్తకం కావాలో చెప్పండి, నేనే తెచ్చిపెడతాను."

ఎంత మంచి పిల్ల. అచ్చం నాలాగే.

"వద్దమ్మా. రేపు నేనే వెళ్తాను," అన్నాను.

మావారు కుర్చీ లాగారు. స్వయంగా వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చారు. నలభై ఐదేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. "ముందు కూర్చో," అన్నారు, ఎంతో మెత్తగా.

గ్లాసు అందుకుని, నిలబడే తాగాను.