నా గుండెల మీద ఒంటె

నేను ఒక పతకాన్ని. మెడలో వేసుకునేదాన్ని, అరచేతిలో సగం ఉంటాను. చూసినవాళ్లంతా నన్ను మట్టి నగ అంటారు గానీ, నాలో మట్టి చిటికెడు కూడా లేదు. పాలిమర్ క్లే అన్న పేరులో క్లే ఉన్నందుకు వచ్చిన తంటా ఇది. నేను ఓవెన్‌లో గట్టిపడే ప్లాస్టిక్ ముద్దను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నా కోపమంతా ఇంకో మాట మీద.

నన్ను చేసింది వన్నూరమ్మ. పుట్టిన ఊరు కణేకల్లు దగ్గర, హగరి ఏటి ఒడ్డున. అక్కడ ఏటి ఇసుక గాలికి లేచి, దిబ్బలు దిబ్బలుగా పొలాల మీదికి వచ్చి కూర్చుంటుంది. వాళ్ల నాన్న తిప్పన్న వేరుశనగ చేను అలాగే పోయింది. ముందు గట్లు కనబడకుండా పోయాయి, తర్వాత చేనే కనబడలేదు. వన్నూరమ్మ ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నా, ఊరికి వెళ్లినప్పుడల్లా ఆ దిబ్బల మీద కూర్చుని వస్తుంది. గాలి గీసిన గీతలు, పొద్దు వాలేటప్పుడు మారే రంగులు కళ్లలో నింపుకొచ్చి నాలాంటివాటిని చేస్తుంది.

నేను మొదట మొండికేశాను. అరచేతుల మధ్య పిసికి పిసికి నన్ను దారికి తెచ్చింది. పసుపు, తెలుపు, గోధుమరంగు ముద్దలను పొరలుగా పేర్చి, గాజు సీసాతో ఒత్తి, పళ్లు విరిగిన దువ్వెనతో గాలి గీతలు గీసింది. అన్నిటికంటే అడుగున దారమంత ఎర్ర పొర ఒకటి పెట్టింది. బ్లేడుతో నిలువునా కోసేసరికి అది నా ముఖం మీద, ఇసుక చారల కింద, ఎర్ర గీతగా తేలింది. అది తిప్పన్న చేను. ఆ ఒక్క గీత కోసం ఎన్ని ముద్దలు కలిపి పారేసిందో నాకు తెలుసు.

హైదరాబాద్‌లో చేత్తో చేసిన నగల ప్రదర్శనకు నన్ను తీసుకెళ్లింది. వాళ్ల ఊళ్లో ఎవరూ ఎడారి అనరు, ఇసక దిబ్బలంటారు. పట్నం వాళ్లకు తెలియదేమోనని, నా పక్కన పెట్టే అట్టముక్క మీద ‘ఎడారి’ అని రాసింది. ఆ మాటే కొంప ముంచింది.

ప్రదర్శన పెట్టించిన సుధీంద్ర గారు ఆ అట్ట చదివి తెగ ముచ్చటపడ్డారు. వన్నూరమ్మ టీ తాగి వచ్చేసరికి నా మీద ఇత్తడి ఒంటె ఒకటి నిలబడి ఉంది. జిగురుతో అతికించిన దాని కాళ్లు సరిగ్గా ఆ ఎర్ర గీత మీద ఉన్నాయి. నన్ను ఒక్క మాట అడిగినవాడు లేడు.

“ఈ ఒంటెను ఎవురు పెట్టినారు సార్?”

“నేనేనమ్మా. ఎడారి అన్నాక ఒంటె ఉండొద్దూ? లేకపోతే జనం ఇసుక లారీ దించారనుకుంటారు. అట్ట మీద రాజస్థాన్ అని కూడా రాయిస్తున్నాను.”

“మా పక్క ఒంటెలు యాడుండాయి సార్? ఇది మా నాయన సేను.”

“చేనెక్కడుందమ్మా, అంతా ఇసుకే కదా,” అని ఆయన నవ్వారు. చెడ్డ మనిషేం కాదు. ప్రేమగానే అన్నారు. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది.

వన్నూరమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. నన్ను కోసిన బ్లేడునే సంచిలోంచి తీసి ఒంటె కాళ్ల కింద మెల్లగా గీరింది. ఒంటె ఊడింది. ఊడుతూ ఎర్ర పొరను పెళ్లగించుకుని పోయింది. ఇసుక కింద పోయినదాన్ని ఇన్నాళ్లకు నాలో దాచుకుంటే, ఎక్కడిదో ఇత్తడి ఒంటె దాన్ని కాళ్లకు పూసుకుపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒంటెను తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

“దీని కాళ్లకు అంటుకునింది మా సేను సార్. జాగ్రత్తగా పెట్టుకోండి.”

ఆయన ఆ కాళ్ల వంక చూస్తూ, ఒంటెను జేబులో వేసుకోవాలో బల్ల మీద పెట్టాలో తేలక నిలబడిపోయారు. వన్నూరమ్మ నన్ను తన మెడలోనే వేసుకుని బయటికి నడిచింది.

అప్పటి నుంచి నేను అమ్మకానికి లేను. పని చేసుకుంటూ నా అడుగున చిట్లిన చోట వేలితో తడుముతుంటుంది. ఎర్ర ముద్ద ఆమె దగ్గర ఇంకా ఉంది, కావాలంటే అతికించొచ్చు. ఆమె అతికించదు. అతికించమని నేనూ అడగను, నా కోపం ఇంకా తీరలేదు.