గద్ద బొమ్మ గుండీ

శ్యామ్‌సుందర్ ఎంత భయస్తుడంటే, ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర మనసులో మూడు లెక్కపెట్టిగాని కారు కదిలించడు. వెనకాల పోలీసు కారు కనబడితే చాలు, చేయని నేరాలు కూడా గుర్తొస్తాయి. షాంటిలీ అనే అమెరికా ఊళ్లో బుద్ధిగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే అలాంటి మనిషి, 2007 నవంబరులో సర్కారువారి నేల తవ్వి ఓ గుండీ ఎత్తుకొచ్చాడంటే నమ్ముతారా? నేనైతే నమ్మను. కానీ ఎత్తుకొచ్చాడు. పెళ్లాం పుస్తె వెతకబోయి.

అంతకు ముందు ఆదివారం, కార్తీక వనభోజనాలని తెలుగువాళ్లు పదిహేను కుటుంబాలు దగ్గర్లో ఉన్న, ఒకప్పుడు యుద్ధం జరిగిన మైదానంలోని పార్కుకి వెళ్లారు. చలికి జాకెట్లు తొడుక్కుని, ఉసిరిచెట్టు దొరక్క ఉసిరికాయ పచ్చడి సీసాని బల్ల మధ్యలో పెట్టి, దాని చుట్టూ కూర్చుని పులిహోర తిన్నారు. శ్యామ్‌సుందర్ భార్య అనురాధ ఎవరి చంటిపాపనో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, ఆ పాప సూత్రం పట్టుకుని లాగింది. బయల్దేరబోతూ చూసుకుంటే రెండు పుస్తెల్లో ఒకటి లేదు. పోయింది పుట్టింటివాళ్లు పెట్టినది. అది చేయించిన తల్లి పోయి రెండేళ్లయింది. చీకటి పడేదాకా అందరూ గడ్డి అంతా వెతికారు, దొరకలేదు. అనురాధ ఇంటికొచ్చి దాని స్థానంలో పసుపు కొమ్ము కట్టుకుని, రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

భార్య ఏడుపు చూడలేక శ్యామ్‌సుందర్ ఓ ఘనకార్యం తలపెట్టాడు. ఆఫీసులో కృష్ణమూర్తి బీచిలో సరదాకి తిప్పడానికి కొన్న మెటల్ డిటెక్టర్ అడిగి తెచ్చుకున్నాడు. ఎక్కడికో అతనికి చెప్పలేదు. శనివారం తెల్లవారుతూనే, కారుకి ఆయిల్ మార్పించాలని అనురాధతో అబద్ధమాడి పార్కుకి పోయాడు. పుస్తె తెచ్చి చేతిలో పెట్టి ఆశ్చర్యపరుద్దామని ముచ్చట.

వాళ్లు కూర్చున్న బల్ల పక్కనే డిటెక్టర్ కుయ్యిమంది. గబగబా చాకుతో గడ్డి పెళ్ల లేపి, జానెడు లోతు తవ్వాడు. పచ్చగా చిలుం పట్టిన గుండ్రటి బిళ్ల బయటపడింది. తుడిస్తే రెక్కలు చాపిన గద్ద బొమ్మ, వెనక కుట్టుకోవడానికి చిన్న కొక్కెం. కోటు గుండీ! దాన్ని జేబులో వేసుకుని మళ్లీ డిటెక్టర్ తిప్పాడు. జానెడు అవతల కుయ్యిమంది. ఇంకో జానెడు అవతల మళ్లీ. ఆపైన మరోసారి. సీసా మూతలేమో అనుకుంటుండగా దూరంగా ఎవరో కుక్కని తిప్పుతూ రావడం చూసి, పెళ్లని కాలితో నొక్కేసి కారెక్కాడు.

సోమవారం డిటెక్టర్ తిరిగిస్తూ సంగతి చెప్తే కృష్ణమూర్తి నోరు వెళ్లబెట్టాడు.

"ఒరే, నీకేమన్నా పిచ్చా? అది ఫెడరల్ ల్యాండ్ రా! అక్కడ డిటెక్టర్ పట్టుకుని తిరగడమే ఇల్లీగల్. తీసిన వస్తువు వందేళ్లు దాటిందనుకో, పెద్ద కేసు అవుతుంది. మొన్న ఆగస్టులోనే కదా ఫైల్ చేశావ్? ఇంక నీ గ్రీన్‌కార్డు గోవిందా!"

శ్యామ్‌సుందర్ ఆరేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తే ఆ వేసవిలో దారి తెరుచుకుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. వేలిముద్రలు కూడా ఇచ్చారు. ఇప్పుడు కేసంటే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే.

ఆ రోజు నుంచి అతనికి ఒకటే ధ్యాస. ఆ గుండీ వయసెంత? పాత గుండీ దొరికితే లోకంలో ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఇతనొక్కడు మాత్రం, స్వామీ ఇది కొత్తది కావాలి, ఏ బ్యాండు మేళంవాడి కోటుదో కావాలి అని మొక్కుకున్నాడు. ఆఫీసులో పని మానేసి ఇంటర్నెట్‌లో గద్దల బొమ్మలే చూశాడు. 1902లో సైన్యం గుండీల మీద గద్దని మార్చిందని చదివాడు. తన గద్ద పాతదా, కొత్తదా? చిలుంలో ఏమీ తెలిసి చావలేదు. ఇంటి ముందు ఏ కారు ఆగినా కర్టెన్ పక్కకి జరిపి చూసేవాడు. అన్నం సయించడం లేదు. "ఒంట్లో బాలేదా?" అని అనురాధ నుదురు తాకి చూస్తే ఉలిక్కిపడ్డాడు.

బుధవారం ఇక ఉండబట్టలేక, పక్క ఊళ్లో పాత యుద్ధసామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లాడు. కొట్టు ముసలాయన గుండీని నీళ్లలో నానబెట్టి, పుల్లతో మెల్లగా మట్టి తీసి, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

"ఈ గద్ద రొమ్ము మీద డాలు చూశావా? డాలులో అక్షరం ఉంటే ఆఫీసరు. దీన్లో గీతలే ఉన్నాయి, మామూలు సిపాయిది. కొత్త గద్ద వేరేగా ఉంటుంది. వెనక తయారుచేసిన కంపెనీ పేరు, ఆ అక్షరాల తీరు... అంతర్యుద్ధం నాటిది. నూట నలభై అయిదేళ్లు వేసుకో. ఎక్కడ దొరికింది?"

"మా... మా ఇంటి వెనకాల," అన్నాడు శ్యామ్‌సుందర్.

ముసలాయన భూతద్దం తీసి అతని వంక చూశాడు. "ఒక్కటేనా? ఒక్కటైతే ఫరవాలేదు, జారిపడింది అనుకోవచ్చు. జానెడేసి దూరంలో వరసగా ఇంకా తగిలితే మాత్రం తవ్వకు బాబూ. పోలీసులకి ఫోన్ చెయ్. గుండీలు వరసగా ఉన్నాయంటే కోటు ఉందని. కోటు ఉందంటే అందులో మనిషి ఉన్నాడని. అలా పూడ్చిపెట్టినవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు ఈ చుట్టుపక్కల. వాళ్ల ఇళ్లకి కబురైనా చేరలేదు."

కుయ్యి. కుయ్యి. కుయ్యి. ఆ మూడు మోతలూ శ్యామ్‌సుందర్ చెవుల్లో మళ్లీ మోగాయి. గుండీ లాక్కుని, థాంక్స్ కూడా చెప్పకుండా బయటపడ్డాడు. ఏమిటి తను చేసింది? మనిషి గుండెల మీద కూర్చుని తవ్వాడా? ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాడు. అయినా ఒంటి మీద ఆ మట్టి ఉన్నట్టే ఉంది. ఎవరికి చెప్పినా తన మెడకే చుట్టుకుంటుంది. చెప్పకూడదు, చచ్చినా చెప్పకూడదు అనుకున్నాడు.

శుక్రవారం అతను ఇంట్లో అడుగుపెట్టేసరికి అనురాధ ముఖం వెలిగిపోతోంది.

"ఏవండీ! నా పుస్తె దొరికింది! ఊరికే ట్రై చేద్దామని పార్కుకి ఫోన్ చేశాను. ఎవరో దొంగ వెధవ అక్కడ గొయ్యి తవ్వి పోయాడట. రేంజర్ ఆ గడ్డి తీసి చూస్తే అందులో ఉందట. మన పేరు, అడ్రస్ అన్నీ ఇచ్చేశాను. రేపు ఇద్దరం వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోవడమే!"

ఆ దొంగ వెధవకి పై ప్రాణాలు పైనే పోయాయి. తను లేపిన గడ్డిలోనే పుస్తె ఉందన్నమాట. పేరు, అడ్రస్ కూడా ఇచ్చేసింది. ఇది తనకి పన్నిన వలేమో, తీరా వెళ్తే చేతులకి బేడీలేమో!

శనివారం పార్కు ఆఫీసు ముందు కారాపి స్టీరింగ్ వదల్లేదు. అనురాధ గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం కక్కేశాడు. "ఒక్క ముక్క నాతో చెప్తే ఏం పోయేదండీ!" అని ఆమె కళ్లు తుడుచుకుంది. "పుస్తె వద్దు, ఏమీ వద్దు. కారు తిప్పండి. నాకీ పసుపు కొమ్ము చాలు."

ఆ కొమ్మునే ఆమె వేళ్లతో గట్టిగా పట్టుకుని ఉంది. అది చూసి శ్యామ్‌సుందర్ కారు దిగాడు.

లోపల రేంజర్ పెద్దావిడ. నవ్వుతూ చిన్న కవరు తెరిచి పుస్తెని బల్ల మీద పెట్టింది. అనురాధ చేత ఓ కాగితం మీద సంతకం చేయించుకుంది. "నీ అదృష్టం బాగుందమ్మా. ఆ తవ్వినవాడి కంట పడలేదు," అంది. అంతే. శ్యామ్‌సుందర్‌ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బతికిపోయాం! అనురాధ అతని మోచేయి పట్టుకుని తలుపు వైపు లాగింది. అతను తలుపు తీశాడు కూడా. నాలుగడుగులు వేస్తే కారు. ఇంటికి పోయి గుండీని ఏ చెత్తబుట్టలోనో వేస్తే, ఇంక అడిగే నాథుడే లేడు.

అనురాధ పుస్తెని రెండు చేతులతో కళ్లకద్దుకుంటోంది. ఆ సిపాయికీ ఇంటి దగ్గర ఓ మనిషి ఉండే ఉంటుంది. కబురైనా రాక, ఉన్నాడో పోయాడో తెలియక, ఎన్నేళ్లు ఎదురుచూసిందో! ఇన్నాళ్లకి అతనున్న చోటు తెలిసినవాడు భూమ్మీద ఒకే ఒక్కడు, వాడేమో తలుపు తీసుకుని పారిపోతున్నాడు.

శ్యామ్‌సుందర్ వెనక్కి తిరిగాడు. జేబులోంచి గుండీ తీశాడు. బల్ల మీద పెట్టాడు.

"అది తవ్వింది నేనే మేడమ్," అన్నాడు.

రేంజర్ ముఖంలో నవ్వు పోయింది. అతన్ని చూసింది, గుండీని చూసింది. సొరుగు లాగి ఓ ఫారం తీసి, పెన్ను మూత తెరిచింది. "పూర్తి పేరు చెప్పండి. ఐడీ ఇవ్వండి. దీనికి కేసు రాయాల్సి ఉంటుంది, తెలుసు కదా?"

"తెలుసు," అన్నాడు. పక్కన అనురాధ ఏడుస్తోంది. అతను లైసెన్సు తీసి ఇచ్చాడు. రేంజర్ అతని పేరు రాసుకుంది, ఇంటి నంబరు రాసుకుంది.

"ఇదొక్కటేనా తీసింది?"

"తీసింది ఒక్కటే మేడమ్. ఇంకా మూడున్నాయి కింద." "జానెడేసి దూరంలో. వరసగా."

రేంజర్ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. ఫారం పక్కకి జరిపి, లేచి టోపీ అందుకుంది.

"పదండి, ఎక్కడో చూపించండి," అంది.