బానెట్ మీద మాట

పొద్దున్నే అన్నయ్య పళ్లు తోముకునేలోపు చెల్లెలు బండి చూసేసేది. అందుకోసం వీధిలోకి వెళ్లే పని లేదు. ముందు గదిలో టీవీ ముందుకి పీట లాక్కుని కూర్చుని, రేసుల ఆట తెరిచి, అందులోని గ్యారేజీలోకి వెళ్లేది. తెర మీద అన్నయ్య ట్యాక్సీ మెల్లగా గుండ్రంగా తిరుగుతూ కనపడేది. టైర్లు అరిగితే కొత్తవి వేసేది, బ్రేకులు వదులైతే మార్చేది. ఇక్కడ మీట నొక్కితే చాలు, గోడవతల నిలబడ్డ అసలు బండికి అక్కడ పని జరిగిపోయేది. అన్నయ్య మూతి తుడుచుకుంటూ వచ్చి "అయిందా?" అనేవాడు. "ఎడం వైపు వెనక టైరు మార్చాను" అనేది. తాళాలు తీసుకుని బయల్దేరేవాడు.

నాలుగేళ్ల కిందట అది చచ్చిన బండి. ఇంజను పట్టేసి, బ్రేకులు తుప్పు తినేసి, గోడకి ఆనుకుని పడి ఉండేది. వదిన దాని డిక్కీలో అక్కర్లేని గిన్నెలు పెట్టుకునేది. బట్టలు కుట్టి కుట్టి నడుం పట్టేసిన చెల్లెలు ఒక ఆదివారం కాలక్షేపానికి ఆటలో అదే రకం బండి ఎంచుకుని, కొత్త ఇంజను పెట్టి, పసుపు రంగు కొట్టింది. గోడవతల పాత బండి పసుప్పచ్చగా మారి గుర్రుమంది. వదిన గబగబా వెళ్లి గిన్నెలు తెచ్చుకుంది. అంతకు మించి ఎవరూ హడావిడి పడలేదు. ఏటా బండ్ల తనిఖీ చేసే ఆఫీసరు కూడా తన కాగితంలో "ఇంజను: ఆటలో మార్చినది" అని రాసి ముద్ర కొట్టేవాడు. ట్రాఫిక్ పోలీసు ఒకాయన మాత్రం ఇంటికొచ్చి మరీ "సైలెన్సరు గొంతు కాస్త తగ్గించమ్మా, చెవులు పోతున్నాయి" అని చెప్పి వెళ్లాడు.

ఆ ఆటకి దాని పద్ధతులు దానికున్నాయి. ఇంజను, బ్రేకులు, టైర్లు బండి ఆగి ఉంటేనే ముట్టుకోనిస్తుంది. రంగులు, స్టిక్కర్లు మాత్రం బండి పరుగులో ఉన్నా మార్చుకోవచ్చు. కుట్టుపని మధ్యలో విసుగు పుడితే చెల్లెలు బానెట్ మీద బాతునో మీసాన్నో అతికించేది. ఎదురొచ్చేవాళ్లంతా పళ్లికిలిస్తుంటే అన్నయ్య దిగి చూసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఒక మొట్టికాయ వేసేవాడు.

"ఒళ్లు పెరిగింది గానీ ఇద్దరికీ బుద్ధి పెరగలేదు" అనేది వదిన. ఆమెకి ఆ ఆటంటే గిట్టదు. ఆట పెట్టే తిండి తింటూ ఆటని తిట్టడం ఆమెకే చెల్లింది.

నెల కిందట ఆట కంపెనీ నోటీసు పెట్టింది. పద్దెనిమిదో తేదీ అర్ధరాత్రికి ఆట మూసేస్తున్నాం, అందులో మీరు వేసుకున్నవన్నీ పోతాయి అని. పోతే బండి మళ్లీ పాత బండే అవుతుందని ఇంట్లో అందరికీ అర్థమైంది. అన్నయ్య ఒక స్కూలు బస్సు నడపడానికి మాట్లాడుకున్నాడు. పద్దెనిమిది రానే వచ్చింది. రాత్రి దాకా టైముంది కదా అని ఆఖరి ట్రిప్పుకి కొండ మీదకి వెళ్లాడు. టైముందని చెప్పింది చెల్లెలే.

సాయంత్రం నాలుగింటికి ఒక కాలరు కుట్టడం అయ్యాక, బండిని చివరిసారి కళ్లారా చూసుకుందామని ఆమె ఆట తెరిచింది. తెర పైన ఎర్రటి అంకెలు వెనక్కి పరిగెడుతున్నాయి. ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. కంపెనీ చెప్పిన అర్ధరాత్రి కంపెనీ ఉన్న దేశపు అర్ధరాత్రి. ఇక్కడ అది నాలుగున్నర. నెల రోజులుగా ఆ నోటీసు రోజూ చదువుతూ ఆమె ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

"వదినా" అంది. 

వదిన వంటింట్లోంచి వచ్చి అంకెలు చూసింది, కింద అసలు బండి వేగం చూపించే ముల్లు చూసింది. యాభై దగ్గర ఊగుతోంది.

"ఎక్కడున్నారు?"

"కొండ దిగుతుండాలి. నాలుగున్నరకి బ్రేకులు పోతాయి వదినా."

ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తడని ఇద్దరికీ తెలుసు. మూడేళ్ల కిందట అదే కొండ దారిలో ఫోన్ ఎత్తబోయి పిట్టగోడని రాసుకుంటూ వెళ్లి, వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. ఆ ఫోన్ చేసింది వదినే, సబ్బులు తెమ్మని చెప్పడానికి. ఆ రాత్రే తన నెత్తిన అతని చెయ్యి పెట్టించుకుని, నడిపేటప్పుడు ఫోన్ ముట్టనని ఒట్టు వేయించుకుంది. అప్పట్నుంచీ అతను స్టీరింగ్ ముందు కూర్చోగానే ఫోన్ నోరు నొక్కి, ఎదుటి అరలో పడేస్తాడు. ఏ మాట మీదా నిలబడని మనిషి ఆ ఒక్క మాట మీద నిలబడ్డాడు.

కొండ మీద ట్యాక్సీ స్టాండుకి చేశారు. టికెట్లు రాసే ఆయన "ఆరుగుర్ని ఎక్కించుకుని మూడుముప్పావుకే దిగాడమ్మా. ఎక్కినవాళ్ల నంబర్లు మేం రాసుకోం" అన్నాడు.

ఇరవై మూడు నిమిషాలు.

"స్టిక్కరు వేస్తా. ఆపమని రాస్తా" అంది చెల్లెలు.

ఆ ఆటకి మన అక్షరాలు రావు. ఉన్నవి సున్నాలు, అరసున్నాలు, గీతలు. వాటినే కోసి, వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికించుకోవాలి. గుడ్డముక్కలు అతకడం అలవాటున్న చేతులు కాబట్టి త్వరగానే కుదిరింది. "ఆపు" అని బానెట్ నిండా తెల్లగా రాసి అతికించింది. ముల్లు నలభై ఎనిమిది. యాభై. యాభై రెండు.

"ఆగడేంటి?" అంది చెల్లెలు.

వదిన తెర దగ్గరికి వంగింది. "ఇది ఎవరికి కనపడుతుంది?"

 బాతులకీ మీసాలకీ అలవాటుపడిన చెయ్యి అక్షరాల్ని కూడా ఎదురొచ్చేవాళ్ల వైపే తిప్పి పెట్టింది. ఈపాటికి కొండ ఎక్కే బండ్లన్నీ పక్కకి తీసి ఆగుతూ ఉంటాయి. అవి ఎందుకు ఆగుతున్నాయో తెలియక అన్నయ్య ఈల వేసుకుంటూ వాటిని దాటుకుపోతూ ఉంటాడు. ఒక్కొక్క ముక్కనీ పట్టుకుని లోపల కూర్చున్నవాడి వైపు తిప్పేసరికి పదహారు నిమిషాలు మిగిలాయి.

ముల్లు దిగింది. నలభై, ముప్పై.  అక్కడ కాసేపు ఆగి, మళ్లీ మెల్లగా నలభైకి ఎక్కింది.

"నవ్వుకుంటున్నాడు. నేను ఆట పట్టిస్తున్నాననుకుంటున్నాడు. నాలుగేళ్లు అదే కదా చేశాను" అంది చెల్లెలు. ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడుపు తర్వాత. మళ్లీ రాయి" అంది వదిన.

"ఏం రాసినా అలాగే నవ్వుతాడు వదినా. రాసేది నేనే అని తెలుసు కదా."

వదిన చీర కొంగు వేలికి చుట్టుకుని విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఆమెకి భయంగా ఉంది. ఏ మాట పుచ్చుకున్నాక మూడేళ్లుగా ఆమెకి కంటి నిండా నిద్ర పడుతోందో ఆ మాటే ఇప్పుడు అతన్ని లోయ వైపు తీసుకుపోతోంది.

"నేను చెప్పింది రాయి. ఒట్టు గట్టున పెట్టా అని రాయి."

చెల్లెలు తలెత్తి చూసింది.

"ఆ ఒట్టు వేయించుకున్నది నేను. తీసేయాల్సింది కూడా నేనే. ఆ సంగతి ఆయనకి తెలుసు. రాయి."

పన్నెండు నిమిషాలు. చెల్లెలు పాత ముక్కలు పీకేసి మొదలుపెట్టింది. సున్నా, అరసున్నా, కొమ్ము. 'ట్టు' రెండుసార్లు రావడం కలిసొచ్చింది, ఒకటి చేసి రెండోది అచ్చు తీసింది. వదిన భుజం మీంచి చూస్తూ "వత్తు కిందకి జరుపు... ఇంకొంచెం... చాలు" అంటోంది. నాలుగేళ్లలో ఆమె ఆ తెర వైపు అంతసేపు చూడటం అదే మొదటిసారి. ముల్లు నలభై అయిదు. "పెట్టా" రాసేంత చోటు మిగల్లేదు. "ఒట్టు గట్టున" వరకే అతికించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నాలుగు నిమిషాలు.

ముల్లు నలభై అయిదు మీదే ఉంది. తర్వాత నలభై. ఇరవై అయిదు. వదిన చెల్లెలి భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. పది. ఆ పది దగ్గర చాలాసేపు ఊగినట్టనిపించింది. సున్నా.

ఫోన్ మోగింది.

"ఏమైంది? ఒట్టెందుకు తీశావు? నువ్వు బానే ఉన్నావా?" అన్నాడు.

"దిగండి. ముందు అందర్నీ దింపండి. చక్రాల కింద రాళ్లు పెట్టండి. పోయేది రాత్రికి కాదు, నాలుగున్నరకే."

 తలుపులు తెరుచుకోవడం, ఎవరో విసుక్కోవడం, రాళ్లు దొర్లడం ఫోన్లో వినపడ్డాయి. ఇక్కడ అంకెలు సున్నాకి చేరాయి. తెర నల్లబడి, ఇన్నాళ్లు ఆడినందుకు ధన్యవాదాలు అని రెండు లైన్లు వచ్చి, అవీ పోయాయి.

"రంగు పోయింది" అన్నాడు అన్నయ్య కాసేపటికి. "టైర్లు కూర్చుండిపోయాయి. ఉండు." తలుపు కిర్రుమంది. "బ్రేకు తొక్కి చూశా. కాలు నేలకంటా పోయింది."

"ముందున్నది ఏ మలుపు?"

"లోయ పక్కది."

 చెల్లెలు ఫోన్ దగ్గరికి వంగి, "లెక్క నాదే తప్పన్నయ్యా" అంది, ఇంక ఏడుపు ఆపుకోలేదు. వదిన ఆమె తలని తన నడుముకి అదుముకుంది.

"సరే, నడిచి దిగి కింద బస్సు పట్టుకుంటాం. ఫోన్ పెట్టేస్తున్నా" అన్నాడు.

"పెట్టకండి."

"ఏం మాట్లాడను నడుస్తూ?"

"ఏమీ వద్దు. అలా చేతిలో పట్టుకోండి చాలు."

వదిన పీట లాక్కుని నల్లటి తెర ముందు కూర్చుంది. ఫోన్లో ఏడు జతల చెప్పులు కొండ దారిన దిగుతున్న చప్పుడు. అందులో అతనివి ఏవో ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి.