తెరిచిన నలభై గొడుగులు

ఆ రోజు ఇంట్లో అయిదుగురున్నారు. నడవాలో పడక్కుర్చీలో పెద్దాయన, వంటగదిలో ఆయన భార్య, ముందుగదిలో వాళ్ల కొడుకు, కొడుక్కి ఎదురుగా ఆడిటరు, కిటికీ పక్కన మూలబల్ల దగ్గర నికరమ్మ. పెరట్లో రేకుల షెడ్డు కింద గొడుగులు కుట్టే ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు గానీ వాళ్లు ఇంటి లెక్కలోకి రారు. నికరమ్మ వస్తుందో రాదో ముప్ఫై మూడేళ్లయినా తేలలేదు. ఆమె కూర్చునేది ఇంట్లో, అన్నం తినేది షెడ్డులో.

ఆమె ముందురోజు చీటీలకు దారం గుచ్చుతోంది. ఇంకెవరైనా అయితే గుండుసూది గుచ్చి పడేస్తారు. ఆమె మాత్రం గొడుగు గుడ్డ కుట్టే లావుపాటి సూదితో మూలకు రెండు కుట్లు వేసి, ముడి వేసి, దారం పంటితో కొరుకుతుంది. పంతొమ్మిదో ఏట ఆ షెడ్డులోకి వచ్చింది ఆ సూది పట్టుకునే. పొట్టి మనిషి. వంగి రాసీ రాసీ ఎడమభుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. గొడుగు కమ్మి ఒకటి విరిగి గుచ్చుకున్ననాటి గుర్తు అది. ఎవరు ఏం చెప్పినా "అదంతా సరే, నికరంగా ఎంత?" అని అడుగుతుంది కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

"నికరమ్మా, ఇదిగో." కొడుకు నాలుగు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నాలుగో పేజీలో నీ సంతకం. ఆడిటరుగారు సాయంత్రం బండికి వెళ్లిపోవాలి."

"చదివి పెడతాను బాబూ."

"చదవడానికేముంది? ఏటా ఉండేదేగా."

"ఏటా చదువుతానుగా."

ఆడిటరు నవ్వాడు. బక్కపల్చటి మనిషి. మాట్లాడేముందు కలం మూత తీసి పెట్టడం ఆయన అలవాటు. "చదవనివ్వండి సార్. పెద్దావిడ సరదా మనమెందుకు కాదనాలి?"

సరదా అన్న మాట ఆమె చెవిన పడింది. దారం కొరికి, చీటీలు పక్కన పెట్టి, కాగితాలు దగ్గరికి లాక్కుంది.

ఆమెకు పట్టికలు చదవడం నేర్పింది పాత గుమాస్తా. ఇప్పుడాయన లేడు. షెడ్డులో కుట్టే రోజుల్లో ఒకసారి డజను గొడుగులు తక్కువ లెక్కవేశారని ఆమె నోటిలెక్కతో పట్టుకుంది. ఆయన ఆ మర్నాడే ఆమెను తీసుకొచ్చి ఈ మూలబల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "పట్టికని కిందనుంచి చదవాలమ్మా" అనేవాడు. "పైనున్నవన్నీ పెళ్లికొడుకు గురించి మధ్యవర్తి చెప్పే మాటలు. అప్పులూ నిల్వలూ కింద ఉంటాయి. ముందు అక్కడ చూడు, తర్వాత పైకెళ్లి అబద్ధం ఎక్కడుందో వెతుక్కో." ఆ జీతంతోనే ఆమె తమ్ముణ్ని చదివించింది. చాకలి కొట్టు మీద గది ఒకటి అద్దెకు తీసుకుంది. ఆ గదిలో ఇస్త్రీ వేడి నేలలోంచి కాళ్లకు తగులుతూ ఉంటుంది. చలికాలంలో అది హాయిగానే ఉంటుంది. మిగతా కాలం సంగతి ఆమె ఎవరితోనూ అనదు.

కిందనుంచి చదివింది. బ్యాంకు అప్పు పోయినేటికంటే అయిదు లక్షలు పెరిగింది. పైకి వెళ్లింది. లాభం అయిదు లక్షలు, పోయినేటికంటే ఎక్కువ. ఇంకా పైకి వెళ్లింది. అమ్మకాలు నలభై రెండు లక్షల నుంచి ముప్ఫై ఒకటికి పడిపోయాయి. అమ్మకం పడిపోయి లాభం పెరిగింది. లాభం వచ్చి అప్పూ పెరిగింది. మరి ఈ రెంటి మధ్యా ఎవరున్నారు?

ఉన్నది గోడౌను. ఏడాది మొదట్లో తొమ్మిది లక్షలున్న సరుకు నిల్వ చివరికి పంతొమ్మిది లక్షల ఎనిమిది వందలు అయింది. ఏడువందల తొంభై రెండు కట్టలు, కట్టకు డజను, గొడుగు ఒక్కింటికి రెండు వందల తయారీ ఖర్చు. గుణకారం సరిగ్గానే ఉంది. కింద "సరుకు నిల్వ సరిచూసినవారు" అన్న చోట ఆమె కోసం గీత ఖాళీగా ఉంది.

ఆ గీత దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

పెద్దాయన నడిపిన రోజుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏడాది చివర కట్టలు లెక్కపెట్టేటప్పుడు ఇరవైకి ఒకటి చొప్పున కట్ట విప్పాలి. అందులోంచి ఒక గొడుగు తీసి పూర్తిగా తెరిచి చూడాలి. తెరుచుకుంటేనే అది సరుకు. పోయినేడు ఆమె మోకాలు వాచింది. నిచ్చెన ఎక్కలేకపోయింది. "కట్టలు కళ్లముందే ఉన్నాయిగా, విప్పితే మళ్లీ కట్టొద్దూ" అన్నాడు కొడుకు. కింద నిలబడి వేలితో మూడువందల డెబ్బై అయిదు లెక్కపెట్టి సంతకం పెట్టేసింది. ముప్ఫై మూడేళ్లలో ఆ ఒక్కసారే.

"గోడౌను తాళం ఇవ్వండి బాబూ" అంది.

"ఇప్పుడెందుకు? లెక్క అయిపోయింది. మనవాళ్లు చూశారు."

"సంతకం మనవాళ్లది కాదుగా, నాది."

కొడుకు ఆడిటరు వైపు చూశాడు. ఆడిటరు కలం మూత పెట్టేశాడు. తాళంచెవి బల్ల మీద గలగలమని పడింది.

గోడౌనులో పాత గుడ్డ వాసన, తుప్పు వాసన కలిసి ముక్కు పట్టేశాయి. అన్నీ చెక్కపిడి ఉన్న పొడుగు గొడుగులే. మడతపెట్టి సంచీలో వేసుకునే గొడుగులు బజారులోకి వచ్చాక వీటిని అడిగేవాళ్లు తగ్గారు. అయినా కుట్టడం ఆగలేదు. నిచ్చెన మీద మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. మొదటి గొడుగు తెరిచింది. పటుక్కున తెరుచుకుంది. రెండోది తెరుస్తుండగానే మడత వెంబడి గుడ్డ సర్రున చిరిగింది. మూడోది కమ్మికి అతుక్కుపోయి పొరలు పొరలుగా ఊడింది. నాలుగోదాన్ని గట్టిగా తెరిస్తే తుప్పు ఆమె మొహం మీద రాలింది. ఒక్కోదాన్నీ తెరిచి, చూసి, బాగున్నవి ఎడమవైపు, పోయినవి కుడివైపు పెట్టింది. నలభై అయ్యేసరికి ఎడమవైపు పదకొండు, కుడివైపు ఇరవై తొమ్మిది.

చేతిమీద సుద్దతో లెక్క వేసుకుంది. పంతొమ్మిది లక్షల్లో నిలిచేది అయిదు లక్షల పైచిల్లర. అంటే లాభం అయిదు కాదు, నష్టం తొమ్మిది దాకా. చెయ్యి తుడుచుకోకుండానే షెడ్డులోకి వెళ్లింది.

భోజనాల వేళ. షెడ్డులో ఒక్కో కుట్టుమిషను మీదా ఒక కాగితం ఉంది. పొద్దున కొడుకు పంచినవే. పన్నెండేళ్లుగా వాళ్ల జీతంలోంచి నెలనెలా కోసి దాచిన పొదుపు నిధిని కంపెనీ వాటాలుగా మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నామని అందులో రాసి ఉంది. సాయంత్రంలోగా సంతకం చేసి ఇవ్వాలి. ఆ నిధిలో నికరమ్మ డబ్బు కూడా ఉంది.

"రా రా నికరమ్మక్కా, నీకోసమే చూస్తున్నాం." గుడ్డలు కత్తిరించే ఆవిడ పిలిచింది. అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. కత్తెర గుడ్డ మీద ఎంత పదునో మాట మీదా అంతే పదును. "అయిదు లక్షల లాభమట. లాభమొచ్చే చోట వాటా ఇస్తామంటే వద్దనేవాళ్లుంటారా? సంతకం పెట్టెయ్యమంటావా?"

"పోయినేటికంటే పదకొండు లక్షలు తక్కువ అమ్మాం. తక్కువ అమ్మితే లాభం ఎలా ఎక్కువొచ్చిందో నువ్వు చెప్పు ముందు."

"దేవుడి దయ" అంది వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు.

"దయ కాదే, గోడౌను. మీరు కుట్టినవి అమ్ముడుపోలేదు. వాటికైన ఖర్చంతా ఖర్చు కింద రాయకుండా ఆస్తి కింద రాశారు. అలా రాస్తే లాభం పైకి తేలుతుంది."

"అలా రాయకూడదా మరి?"

"రాయొచ్చు. అవి రేపు అమ్ముడుపోతాయంటే అలాగే రాయాలి కూడా. ఒకటి తెచ్చి తెరవండి చూద్దాం."

కత్తెరక్క లేచి గోడౌనులోకి వెళ్లింది. ఆమె వెనక ఇంకో నలుగురు వెళ్లారు. చాలాసేపు గుడ్డ చిరిగే చప్పుడు వినపడింది. తిరిగొచ్చేసరికి కత్తెరక్క చేతిలో గుడ్డ లేని గొడుగు అస్థిపంజరంలా ఉంది.

"ఇదా మన ఆస్తి?"

"అదే. ఇంకో మాట. లాభం అయిదు లక్షలైతే బ్యాంకు దగ్గర కొత్తగా అయిదు లక్షలు అప్పెందుకు తెచ్చారు? ఆ అప్పుతోనే మీ జీతాలిచ్చారు, నా జీతమూ ఇచ్చారు. ఇప్పుడు బ్యాంకు ఇవ్వనంది. అందుకని మన నిధి మీద పడ్డారు."

కత్తెరక్క ఆమె మొహంలోకి చూసింది.

"పోయినేడు లాభమన్నప్పుడు కూడా ఇవే గొడుగులా?"

దాటెయ్యొచ్చు. అడిగింది ఒక్కతే. మిగతావాళ్లకు ఆ ప్రశ్న తట్టను కూడా లేదు. నికరమ్మ చీలిన గోరును బొటనవేలితో సహా పిడికిట్లో దాచుకుంది. మళ్లీ పిడికిలి విప్పింది.

"ఇవే. నేను తెరవలేదు. తెరవకుండా సంతకం పెట్టాను."

"అంటే పోయినేడు మాకు టోపీ పెట్టింది నువ్వన్నమాట."

"అవును. నేనే పెట్టాను."

"భలేదానివే!" అంది కత్తెరక్క. అది తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. కాసేపటికి తన అన్నం డబ్బా మూతలో కాస్త అన్నం పెట్టి ఆమె ముందుకు తోసింది. "తిను. పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏమో."

మూడు గంటలకు వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద మోత ముందుగది దాకా వినిపిస్తోంది. నికరమ్మ తన బల్ల దగ్గర కూర్చుని నాలుగో పేజీ మీద, ఖాళీ గీత పైన, గుండ్రటి అక్షరాలతో రాసింది: "కట్టలు 792. తెరిచినవి 40. చిరిగినవి 29. పోయిన ఏడాది నేను తెరవకుండా సంతకం పెట్టాను. అది తప్పు." కింద పూర్తిపేరుతో సంతకం పెట్టింది. ఏటా పొడి అక్షరాలే పెట్టేది. పూర్తిగా రాసి ఎన్నేళ్లయిందో, మధ్యలో ఒక అక్షరం దగ్గర చెయ్యి తడబడింది.

ఆడిటరు ఆ పేజీ తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. కలం మూత తీయకుండానే మాట్లాడాడు. "సార్, ఇది నేను చూశాక చూడలేదని అనలేను."

"చింపెయ్యండి దాన్ని. ఇంకోటి కొట్టిద్దాం."

"కొట్టించండి బాబూ" అంది నికరమ్మ. "దాని మీదా ఇదే రాస్తాను."

"నిన్నెవరు రాయమన్నారు? జీతానికి పనిచేసే మనిషివి నువ్వు!"

"జీతం రాసినందుకిస్తున్నారు. ఏది రాయమంటే అది రాసినందుకు కాదు."

అప్పుడే కిటికీ ఊచల్లోంచి తడిచెయ్యి ఒకటి లోపలికి వచ్చింది. కత్తెరక్క చెయ్యి. కాగితాల దొంతరను బల్ల మీద పెట్టింది. "ముప్ఫై ఎనిమిదీ ఉన్నాయి, చూసుకోండి చిన్నయ్యగారూ. ఒక్కదాని మీదా గీత పడలేదు. మా నిధి మాకు అలాగే ఉంచండి, వాటాలు మీరే ఉంచుకోండి." చెయ్యి వెనక్కి పోయింది.

కొడుకు దొంతర తిరగేశాడు. అన్నీ తెల్లగానే ఉన్నాయి. అతని చెంపలు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు భాగహారం రాక ఈ బల్ల దగ్గరే ఏడ్చినప్పుడు అతని చెంపలు ఇలాగే ఎర్రబడేవి. ఆమెకు అది గుర్తొచ్చి జాలేసింది. అలాగని పేజీ మీద చెయ్యి తియ్యలేదు.

"లే. నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు. ఇప్పుడే వెళ్లు."

గొడవకు నడవాలో పెద్దాయనకు మెలకువ వచ్చింది. ఆయనకు చెవులు సరిగా వినపడవు. ఆమె తన వస్తువులు సర్దుకుని ఆయన పడక్కుర్చీ పక్కనుంచి వెళుతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఏమిటి గోల? నికరంగా ఎంత?"

ఆమె వంగి ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "తొమ్మిది లక్షల నష్టం అయ్యగారూ."

పెద్దాయన కప్పువైపు చూశాడు.

"నేను పదనుకున్నాను" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గుమ్మం దాకా వెంట వచ్చింది ఆయన భార్య. నికరమ్మ మేకుకు తగిలించిన బూడిదరంగు శాలువా తీసి భుజాల మీద కప్పుకుంది. బయట వాన ఏకధారగా పడుతోంది.

"ఇన్నేళ్లు ఈ ఇంటి ఉప్పు తిన్నావే. పిల్లాడి నోటిదగ్గరి కూడు తీశావు" అంది ఆవిడ. కళ్లు తుడుచుకుంది. అంత కోపంలోనూ చెయ్యి తలుపు వెనక్కి వెళ్లి అక్కడ చేరేసిన గొడుగు తీసింది. "వాన పడుతోంది. ఇది తీసుకెళ్లు."

నికరమ్మ గొడుగు వంక చూసింది. చెక్కపిడి, తాను కుట్టిన రోజుల్లోలాగే నున్నగా ఉంది.

"తెరుచుకుంటుందా అమ్మగారూ?"

ఆవిడ మొహం మాడిపోయింది. ఇంకో మాట లేకుండా తలుపు ధడాలున వేసేసింది. లోపల గడియ పడింది.

నికరమ్మ మెట్టు దిగబోయి ఆగింది. వెనక ఏదో లాగింది. శాలువా కొస తలుపు సందులో చిక్కుకుంది. ఒక్కసారి తలుపు తడితే చాలు, గడియ తీస్తారు. ఆమె చెయ్యెత్తలేదు. మెడచుట్టూ ఉన్న మడత వదులుచేసి, శాలువాను భుజాల మీదినుంచి జారవిడిచి, తలెత్తుకుని వానలోకి దిగింది. వీధి మలుపు దగ్గర షెడ్డు ఆడవాళ్లు ఆమె కోసం ఆగి ఉన్నారు.

మూసిన తలుపుకు శాలువా వేలాడుతూ ఉండిపోయింది. లోపలున్న కొస పొడిగా ఉంది, బయటున్నదంతా నానిపోయి బరువెక్కి నెమ్మదిగా మెట్టును తాకింది.