ఆరుసార్లు తొక్కాలి

పొద్దున్నే టాక్సీ తీసే ముందు ఆమె నాన్న మంచాన్ని కిటికీ దగ్గరికి జరుపుతుంది. రెక్కలు రెండూ బార్లా తెరిచి, నీళ్ల గ్లాసు చేతికందేలా పెట్టి, అప్పుడు మెట్లు దిగి కారు తాళం తిప్పుతుంది. పైన నాన్న ఒకసారి దగ్గుతాడు. ఆయన ముక్కులోంచి సన్నగా నల్లపొగ బయటికి వస్తుంది. కారు స్టార్టయిందన్నమాట.

నాలుగేళ్లుగా ఇదే వరస. నాన్న ముప్పై ఏళ్లు లారీ మెకానిక్కు. పైపులో ఏదైనా అడ్డముంటే కోసి పారెయ్యడమే ఆయనకి తెలిసిన వైద్యం. కూతురు పాత కారు కొని టాక్సీ నడుపుతానంటే మురిసిపోయి, దాని చచ్చు ఇంజిన్ పీకేసి ఒక వ్యాను డీజిల్ ఇంజిన్ కూర్చోబెట్టాడు. పైపు మధ్యలో పొగని వడకట్టే డబ్బా ఒకటి కనిపించింది. "ఇదేంటి, ముక్కు మూసి పరిగెత్తమన్నట్టుంది" అని దాన్ని కోసేసి, తిన్నగా ఒక ఇనపగొట్టం వెల్డింగ్ చేశాడు. ఆ అతుకు చల్లారిన దగ్గర్నుంచీ పొగ వెనక పైపులోంచి రావడం మానేసి, అతుకు పెట్టినవాడి గుండెల్లోంచి రావడం మొదలుపెట్టింది.

వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. నాన్న దగ్గు పెద్దదైతే పక్కింటావిడ "మీ అమ్మాయి వంతెన ఎక్కినట్టుందండీ" అంటూ దండెం మీది బట్టలు గబగబా తీసుకునేది, అంతే. ఆమెకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఎత్తు రోడ్లు మానేసింది, ఓవర్‌టేక్ చెయ్యడం మర్చిపోయింది. వెనక సీట్లోవాళ్లు "నడిచెళ్లినా ఈపాటికి చేరేవాళ్లం" అని విసుక్కుంటే ఆ మాటలు పడేది.

ఈ ఏడాది డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇందులో గాలికి చోటెక్కడుందమ్మా?" అన్నాడు.

మూణ్ణెల్లు ఆ డబ్బా కోసం తిరిగింది. దాన్ని మళ్లీ బిగిస్తే పొగ దాని దారిన అది పోతుందని అందరూ చెప్పారు. కానీ ఒక బండి ఒంట్లో ఇంకో బండి గుండె. రెండింటికీ సరిపోయే డబ్బా ఏ తుక్కు దుకాణంలోనూ దొరకలేదు. ఇంతలో పొగ పరీక్ష గడువు రానే వచ్చింది. పాసు కాకపోతే పర్మిట్ పోతుంది, కారు తుక్కు కింద పోతుంది. కారు లేకపోతే నాన్నకి మందుల్లేవు. కారుంటే నాన్నే ఉండడు. ఎటు చూసినా ఆమెకి గోడే కనిపించింది.

"వద్దు నాన్నా. పోతే పోనీ. ఎక్కడో ఓ చోట పనికి కుదురుతాను."

"చాల్లే ఊరుకో. నేను చేసిన బండిని తుక్కులో వెయ్యనిస్తానా? పోయినేడు తట్టుకోలేదూ? పరీక్షలో యాక్సిలరేటర్ తొక్కేది ఆరుసార్లేగా. మొహమాటపడకుండా అడుగంటేదాకా తొక్కు. సగంసగం తొక్కావో, వాళ్లు మళ్లీ మొదట్నుంచి తొక్కిస్తారు. అదీ నా ప్రాణానికే."

పక్కింటావిడని ఆయన దగ్గర కూర్చోబెట్టి బయల్దేరింది.

పరీక్ష షెడ్డులో ఇన్‌స్పెక్టరు ఆమెని గుర్తుపట్టాడు. "నాన్నగారు ఎలా ఉన్నారు?"

"బాలేదు సార్. ఈసారికి తొక్కకుండా రాయడం కుదరదా?"

"పైపులోంచి వచ్చేదే నేను రాసుకోవాలమ్మా. ఇంకెక్కణ్ణుంచి వచ్చినా ఈ కాయితంలో దానికి గడి లేదు." నిజంగానే బాధపడుతూ అన్నాడు. పైపులోకి గొట్టం దూర్చి మీటరు ఆన్ చేశాడు. సున్నా. "ఊఁ, తొక్కు. నేను చెప్పినప్పుడల్లా పూర్తిగా."

ఒకటి. ఇంజిన్ గర్జించింది. మీటరు కదల్లేదు. ఊరికి ఆ చివర కిటికీ దగ్గర ఏం జరుగుతోందో ఆమెకి చూసినంత బాగా తెలుసు. రెండు. మూడు. నాలుగోసారి కాలు మాట వినలేదు. ఆ ఒక్కసారైనా ఆయనకి కాస్త తేలిగ్గా ఉంటుందని సగంలో ఆపేసింది.

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "ఎందుకు చేశావమ్మా అలా? మిషన్ ఒప్పుకోలేదు. మళ్లీ మొదట్నుంచి."

 జాలిపడి ఆమె తన చేతులారా నాన్న నెత్తిన ఇంకో ఆరు పెట్టింది. ఏడుస్తూనే తొక్కింది. ఒకటి. రెండు. మూడు. మీటరు అంతా సున్నాలే చూపిస్తోంది. నాలుగు.

ఇన్‌స్పెక్టరు ఐదు అనగానే కాలు పూర్తిగా తీసేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "నా వల్ల కాదు సార్. ఫెయిలని రాసెయ్యండి. కారు మీరే తీసుకోండి."

 ఇన్‌స్పెక్టరు మీటరు వంకే చూస్తున్నాడు. కాలు తీసేసిన ఇంజిన్ నెమ్మదిగా కొట్టుకుంటోంది, అంకె మాత్రం పెరుగుతోంది. పన్నెండు. ముప్పై. డెబ్బై. ఆమె అద్దంలోకి చూసింది. వెనక పైపులోంచి, అన్ని కార్లకీ వచ్చినట్టే, పొగ వస్తోంది. ఇన్నాళ్లూ వచ్చిన చోటు ఇక లేక వస్తోంది.

సీటు మీద ఫోను మోగింది. పక్కింటావిడ. ఆమె ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

వెనక వరసలో ఎవరో హారన్ కొట్టారు. ఇన్‌స్పెక్టరు వాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. వాళ్లు ఆయన మొహం చూశారు, ఆమె పైపు చూశారు. ఆ వరసలో ముందున్న వ్యాను ఇంజిన్ ఆగింది. దాని వెనక కారు ఆగింది. వరస చివరిదాకా ఒక్కొక్కరే తాళాలు తిప్పేసి కిందికి దిగి నిలబడ్డారు.

"నువ్వూ ఆపమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె తాళం మీద చెయ్యి వేసింది కానీ తిప్పలేకపోయింది. నాన్న చేసినవాటిలో ఇంకా నడుస్తున్నది ఆ చప్పుడొక్కటే.